‘జ్ఞా’ ఏ వైపున ఉండాలి?

2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి ప్రపంచమంతా పేపర్లకెక్కింది. పద్యం వల్లో పాట వల్లో కాదు, ఐఫోన్లని పడగొట్టినందుకు. ‘జ్ఞానం’లో ఉండే జ్ఞా. జ కింద ఞ వత్తు, దాని తర్వాత కంటికి కనబడని ఒక యూనికోడ్ గుర్తు, ఆ పైన దీర్ఘం. ఈ వరసలో వచ్చిన జ్ఞాని తెర మీద గీయబోతే ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్లో ఆ యాప్ కుప్పకూలేది. వాట్సాప్‌లో వస్తే వాట్సాప్, మెసేజెస్‌లో వస్తే మెసేజెస్. నోటిఫికేషన్‌లో వస్తే మరీ ఘోరం, ఐకాన్లన్నీ చూపించే స్ప్రింగ్‌బోర్డ్ అనే ప్రోగ్రామే పడిపోయేది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా కొన్ని కూర్పులకి ఇదే జరుగుతుందని తర్వాత తేలింది కానీ, ‘తెలుగు బగ్’ అన్న పేరు మాత్రం మనకే ఉండిపోయింది. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది.

ఈ కథ ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. మన భాషకి ఆమాత్రం పవర్ ఉందని కాస్త గర్వపడతారు కూడా. నాకు మాత్రం ఇందులో ఆసక్తిగా అనిపించేది వేరే. జ్ఞా యాప్‌ని చంపింది, స్ప్రింగ్‌బోర్డ్‌ని చంపింది. కానీ ఫోన్‌ని నడిపించే అసలు మనిషిని, అంటే కెర్నెల్‌ని, తాకలేకపోయింది. కారణం, అక్షరాలు గీసే కోర్‌టెక్స్ట్ అనే లైబ్రరీ గీతకి ఇవతల ఉంది, యూజర్ స్పేస్‌లో. అదే కోడ్ గీతకి అవతల కెర్నెల్‌లో ఉండి ఉంటే, ఒక్క మెసేజ్‌తో ఫోన్ మొత్తం ఆగిపోయేది.

ఆ గీత గురించే నేను రాయాలనుకున్నది. ఇంకా సూటిగా చెప్పాలంటే, అంత కష్టపడి గీసిన గీతని మన హాస్టల్ గదుల్లో ఒక గేమ్ కోసం ఎంత తేలిగ్గా దాటనిస్తున్నామో, దాని గురించి. సివిల్, మెకానికల్ వాళ్లు పేజీ తిప్పేయకండి, ల్యాప్‌టాప్ మీకూ ఉంది.

ఓఎస్ సబ్జెక్టులో ఈ గీత మనకి ఒక డబ్బా బొమ్మగా పరిచయమవుతుంది. నిలువుగా ఒక డబ్బా, పైన కెర్నెల్ స్పేస్, కింద యూజర్ స్పేస్. 32 బిట్ లైనక్స్‌లో మామూలుగా మొత్తం 4 జీబీలో 3 యూజర్‌కి, 1 కెర్నెల్‌కి. విండోస్‌లో చెరో 2. బొమ్మ గీసి, పక్కన రెండు కాలమ్‌ల తేడాల పట్టిక వేస్తే మార్కులు వచ్చేస్తాయి. ఆ బొమ్మ చూసి చాలామంది ర్యామ్ చిప్‌లోనే నిజంగా కొంత భాగం కోసి కెర్నెల్‌కి రాసిచ్చారని అనుకుంటారు. 8 జీబీ ర్యామ్ కొంటే అందులో పావు వంతు పోయినట్టేనా అని జూనియర్లు అడుగుతుంటారు. పోదు. పంచింది ర్యామ్‌ని కాదు, అడ్రసుల్ని.

నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌కీ సొంతంగా ఒక అడ్రసుల పుస్తకం ఉంటుంది. దాన్నే పేజ్ టేబుల్ అంటాం. మెమరీని సాధారణంగా 4 కేబీ ముక్కలుగా, అంటే పేజీలుగా చూస్తారు. ప్రోగ్రామ్ వాడే అడ్రస్ ఉత్తుత్తిది, అది ర్యామ్‌లో నిజంగా ఎక్కడుందో ఈ పుస్తకం చూసి ప్రాసెసర్ తెలుసుకుంటుంది. ఇప్పుడు మనం వాడే 64 బిట్ మెషీన్లలో ఎక్కువ వాటికి కింద 128 టీబీ అడ్రసులు ప్రోగ్రామ్‌వి, పైన 128 టీబీ కెర్నెల్‌వి, మధ్యలో ఎవరికీ చెందని పెద్ద ఖాళీ. 128 టీబీ ర్యామ్ ఎవడి దగ్గరా లేదు. అవి కేవలం నంబర్లు, ఊరు రాకముందే వేసిన ప్లాట్ల లాంటివి.

మరి ప్రోగ్రామ్ పైనున్న నంబర్‌ని పిలిస్తే ఎవరు ఆపుతారు? పుస్తకంలో ప్రతి పేజీ ఎదురుగా కొన్ని బిట్లు ఉంటాయి. వాటిలో ఒకటి యూజర్/సూపర్‌వైజర్ బిట్. ఈ పేజీ యూజర్ ముట్టుకోవచ్చా లేదా, అంతే. ప్రాసెసర్ తను ఇప్పుడు ఏ హోదాలో ఉన్నదీ గుర్తుపెట్టుకుంటుంది. మన ప్రోగ్రాములు నడిచేటప్పుడు రింగ్ 3, కెర్నెల్ నడిచేటప్పుడు రింగ్ 0. రింగ్ 3లో ఉండి సూపర్‌వైజర్ పేజీని ముట్టుకోబోతే ప్రాసెసర్ ఆ పనిని అక్కడే ఆపేసి కెర్నెల్‌కి కబురు పంపుతుంది. మన పుస్తకాల్లో అడ్డగీతలా కనబడేది నిజానికి గోడ కాదు, కంచె కాదు. ఒక బిట్.

ఫైల్ తెరవాలన్నా, నెట్‌లోంచి ఒక బైట్ తెచ్చుకోవాలన్నా ప్రోగ్రామ్ కెర్నెల్‌ని అడగాల్సిందే. దాన్నే సిస్టమ్ కాల్ అంటారు. మెస్ కౌంటర్ లాగా. కంచం చాపుతాం, ఏం కావాలో చెబుతాం, వడ్డించేది వాళ్లు. గరిటె మాత్రం మన చేతికి ఇవ్వరు. ఇస్తే ఏమవుతుందో ఆదివారం చికెన్ రోజు అందరికీ తెలుసు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, గీత ఎందుకుందో చెప్పేటప్పుడు మనం ఎప్పుడూ ‘సెక్యూరిటీ కోసం’ అని రాసేసి ఊరుకుంటాం. దొంగల కోసం పెట్టిన తాళం అన్నట్టు. నా ఉద్దేశంలో అది సగమే. మిగతా సగం మంచివాళ్ల తప్పుల కోసం. సీ ల్యాబ్‌లో నల్ పాయింటర్‌ని ముట్టుకుంటే ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అని ఒక్క లైను వచ్చి ప్రోగ్రామ్ ఆగిపోతుంది. అందరూ ఆ లైన్‌ని తిడతారు. కానీ పక్క విండోలో పాట ఆగదు, బ్రౌజర్ మూసుకోదు, సేవ్ చేయని రికార్డ్ ఎక్కడికీ పోదు. కెర్నెల్ తప్పు చేసిన ఒక్క ప్రోగ్రామ్‌నే తీసి పక్కన పెట్టింది.

అదే తప్పు కెర్నెల్ లోపల జరిగితే? తీసి పక్కన పెట్టడానికి దాని పైన ఇంకెవరూ లేరు. లోపల ఉన్న కోడ్ అంతా ఒకే అడ్రసుల్ని పంచుకుంటుంది కాబట్టి ఒక డ్రైవర్ తడబడితే ఫైల్ సిస్టమ్ పట్టికలు కూడా చెడిపోయి ఉండొచ్చు. అలాగే ముందుకు పోతే చెడిన సమాచారాన్ని డిస్క్ మీద రాసే ప్రమాదం. అందుకే విండోస్ తనంతట తానే ఆగిపోయి నీలం తెర చూపిస్తుంది, లైనక్స్ ప్యానిక్ అంటుంది. తప్పు ఒకటే, చూపు తిప్పుకుని వెళ్లిపోదగ్గదా, ఊరంతా చీకటి చేసేదా అన్నది అది గీతకి ఏ వైపున జరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

మళ్లీ అక్షరాల దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఇది ఊహ కాదు, జరిగింది. 1996లో విండోస్ ఎన్‌టీ 4.0 వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ తెర మీద బొమ్మలు, అక్షరాలు గీసే భాగాన్ని యూజర్ స్పేస్ నుంచి కెర్నెల్‌లోకి మార్చింది. వేగం కోసం. గీత దాటిన ప్రతిసారీ కొంత సమయం పోతుంది, అప్పటి కంప్యూటర్ల మీద అది బాగా తెలిసేది. న్యాయమైన కారణమే. పదిహేనేళ్ల తర్వాత, 2011లో, డుకు అనే మాల్‌వేర్ బయటపడింది. అది ఒక వర్డ్ డాక్యుమెంట్‌లో దాక్కుని వచ్చేది. డాక్యుమెంట్‌లో ఒక ఫాంట్. ఆ ఫాంట్‌ని చదవబోయిన విండోస్ కోడ్‌లో ఒక లోపం. ఆ కోడ్ ఉన్నది కెర్నెల్‌లో. కాబట్టి ఒక ఫాంట్ ఫైల్ నేరుగా రింగ్ 0లోకి వెళ్లి కూర్చుంది. చివరికి విండోస్ 10లో ఫాంట్లు చదివే పనిని మళ్లీ గీతకి ఇవతల, హక్కులు బాగా తగ్గించిన ఒక చిన్న ప్రోగ్రామ్‌కి అప్పజెప్పారు. వెళ్లడానికి ఒక్క వెర్షన్ పట్టింది, తిరిగి రావడానికి దాదాపు ఇరవై ఏళ్లు.

ఇక 2024 జులై 19. ఇది అందరికీ గుర్తుండే ఉంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ మన టైమ్‌లో ఉదయం 9:39కి ఒక అప్‌డేట్ పంపింది. కొత్త కోడ్ కూడా కాదు, ఏ లక్షణాల కోసం వెతకాలో చెప్పే ఒక డేటా ఫైల్. ఆ ఫైల్ 21వ విలువని చూడమంది. చదివే ప్రోగ్రామ్‌కి అందినవి 20. లేని 21వ దాని కోసం అది లేని చోట చెయ్యి పెట్టింది. ఫస్టియర్ ల్యాబ్‌లో అరే చివర దాటి చదివే తప్పుకీ దీనికీ రకంలో ఏ తేడా లేదు. తేడా అంతా చోటులో. ఇది కెర్నెల్ డ్రైవర్. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల మెషీన్లు నీలం తెరకి వెళ్లాయి. ప్రపంచంలోని విండోస్ మెషీన్లలో ఒక్క శాతం కూడా కాదు, అయినా ఆసుపత్రులు, బ్యాంకులు, విమానాలు ఆగాయి. అమెరికాలో డెల్టా ఒక్కటే కొద్దిరోజుల్లో సుమారు 7,000 విమానాలు రద్దు చేసింది. మన హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు.

కంపెనీ 78 నిమిషాల్లోనే ఆ ఫైల్‌ని వెనక్కి తీసుకుంది. కానీ అప్పటికే పడిపోయిన మెషీన్ దాన్ని ఎలా అందుకుంటుంది? డ్రైవర్ సిస్టమ్ లేచేటప్పుడే లోడ్ అవుతుంది, లోడ్ అవగానే మళ్లీ పడిపోతుంది. చాలాచోట్ల మనిషి వెళ్లి ఒక్కో మెషీన్‌ని సేఫ్ మోడ్‌లో లేపి ఆ ఫైల్‌ని చేత్తో తీసేయాల్సి వచ్చింది. ఇదే ప్రోగ్రామ్ గీతకి ఇవతల ఉండి ఉంటే, ఒక సెగ్మెంటేషన్ ఫాల్ట్, ఒక రీస్టార్ట్.

క్రౌడ్‌స్ట్రైక్ చెడ్డ కంపెనీ అని నేననడం లేదు. పాయింట్ అదే. వాళ్లు మంచివాళ్లు, తెలివైనవాళ్లు, కంప్యూటర్లని కాపాడటమే వాళ్ల ఉద్యోగం. అయినా జరిగింది. కాబట్టి ‘కెర్నెల్‌లోకి ఎవరిని రానివ్వాలి’ అనే ప్రశ్నకి ‘నమ్మకస్తుల్ని’ అనే జవాబు సరిపోదు. అడగాల్సింది ఇది: వీళ్లు పొరపాటు చేసిన రోజు నాకు పోయేదెంత, వీళ్లు లోపల ఉండడం వల్ల నాకు వచ్చేదెంత?

ఒక యాంటీవైరస్ విషయంలో ఈ లెక్క కష్టమే. మాల్‌వేర్ కంటే ముందు లేవాలి, అన్నీ చూడాలి అంటారు, అందులో నిజముంది. అయినా ఆపిల్ 2019లో క్యాటలీనా నుంచే సెక్యూరిటీ ప్రోగ్రాములకి యూజర్ స్పేస్‌లో దారి ఇచ్చి, కెర్నెల్ ఎక్స్‌టెన్షన్లని సాగనంపడం మొదలుపెట్టింది. జులై దెబ్బ తర్వాత మైక్రోసాఫ్ట్ కూడా అదే దారి పట్టి, 2025లో యాంటీవైరస్‌లని కెర్నెల్ బయట నడిపే ఏర్పాటుని కంపెనీలకి పరీక్షకి ఇచ్చింది. కాపలావాళ్లే బయటికి నడుస్తున్న కాలమిది.

సరిగ్గా ఇదే కాలంలో మన హాస్టల్‌లో లోపలికి నడుస్తున్నదెవరయ్యా అంటే, గేములు.

వాలరెంట్ ఆడేవాళ్లు ఈ పేజీ దాకా వచ్చి ఉంటే ఇక్కడ నన్ను తిట్టుకుంటారు. పర్లేదు. 2020లో ఆ గేమ్‌తో పాటు వచ్చిన వాన్‌గార్డ్ అనే యాంటీ చీట్‌లో ఒక కెర్నెల్ డ్రైవర్ ఉంది. అది గేమ్ తెరిచినప్పుడు కాదు, కంప్యూటర్ ఆన్ చేసినప్పుడే లేస్తుంది. జనం గోల చేశాక దాన్ని ఆపే వీలు ఇచ్చారు, కానీ ఆపితే మళ్లీ రీస్టార్ట్ చేసేదాకా గేమ్ ఆడనివ్వదు. సహజంగానే ఎవరూ ఆపరు. ల్యాబ్ రికార్డ్ రాస్తున్నా, ఫీజు కడుతున్నా, నాన్న అకౌంట్‌లోకి లాగిన్ అయినా, అది రింగ్ 0లో కూర్చునే ఉంటుంది.

వాళ్ల వాదన తీసిపారేయదగ్గది కాదు, అది చెప్పకపోతే అన్యాయం. చీటింగ్ చేసేవాళ్లు తామే కెర్నెల్‌లోకి దూరుతున్నారు. ఎక్కడో ఒక లోపమున్న పాత డ్రైవర్‌ని పట్టుకుని, దాని ద్వారా లోపలికెళ్లి, గేమ్ మెమరీని చదువుతారు. యూజర్ స్పేస్‌లో ఉన్న కాపలాదారుకి అవతల ఏం జరుగుతోందో కనబడదు. కాబట్టి మేమూ లోపలుండాలి, వాళ్లకంటే ముందే లేవాలి అంటారు. సాంకేతికంగా సరైన మాట.

కానీ ఆ ‘లోపమున్న పాత డ్రైవర్లు’ ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. 2016లో స్ట్రీట్ ఫైటర్ 5కి క్యాప్‌కామ్ యాంటీ చీట్ కోసమని ఒక డ్రైవర్ పంపింది. అది ప్రాసెసర్‌లోని ఒక రక్షణని కాసేపు ఆపి, ఏ ప్రోగ్రామ్ అడిగితే ఆ ప్రోగ్రామ్ కోడ్‌ని రింగ్ 0లో నడిపి పెట్టేది. గొడవవగానే వెనక్కి తీసుకున్నారు. 2022లో ఇంకా ఘోరం. గెన్‌షిన్ ఇంపాక్ట్ గేమ్ యాంటీ చీట్ డ్రైవర్‌ని రాన్సమ్‌వేర్ ముఠా వాడుకుందని ట్రెండ్ మైక్రో బయటపెట్టింది. సరైన సంతకం ఉన్న డ్రైవర్ కాబట్టి విండోస్ దాన్ని నమ్మి లోపలికి రానిచ్చింది. లోపలికొచ్చాక దాని సాయంతో యాంటీవైరస్‌ని చంపేశారు. ఆ కంప్యూటర్‌లో గేమ్ ఉండాల్సిన పని కూడా లేదు, దొంగలు డ్రైవర్‌ని వెంట తెచ్చుకున్నారు. అంటే ఎక్కడో ఎవరో గేమ్‌లో మోసం జరగకూడదని రాసిన కోడ్ వల్ల, ఆ గేమ్ పేరు కూడా వినని ఆఫీసు మునిగింది.

గేమ్‌లో మోసం అసలు ఆపలేమా అంటే, ఇవతలి నుంచి చేయగలిగింది చాలా ఉంది. గోడ వెనక ఉన్న శత్రువు ఎక్కడున్నాడో సర్వర్ నా కంప్యూటర్‌కి పంపకపోతే, నా మెమరీని ఎవడు ఎంత చదివినా ఏం దొరుకుతుంది? ఈ పని వాలరెంట్ సర్వర్లు చేస్తున్నాయి కూడా, దాన్ని ఫాగ్ ఆఫ్ వార్ అంటారు. గురి తప్పకుండా కాల్చిపెట్టే ఎయిమ్‌బాట్లని ఇది ఆపలేదు, నిజమే. కొన్ని మ్యాచులు పోతాయి, ర్యాంక్ పడుతుంది. పడనివ్వండి. ఈఎంఐ మీద కొన్న ఒక్క ల్యాప్‌టాప్, నాలుగేళ్ల చదువు అందులోనే, ప్లేస్‌మెంట్ టెస్టూ దాని మీదే. ర్యాంక్‌తో పోల్చి చూస్తే నాకు తక్కెడ ఎటు మొగ్గుతుందో వెంటనే తెలుస్తుంది.

ఇంకో విషయం నాకు విడ్డూరంగా అనిపిస్తుంది. 2018 జనవరిలో, జ్ఞా కంటే నెల ముందు, మెల్ట్‌డౌన్ బయటపడింది. ఇంటెల్ ప్రాసెసర్లు ముందుచూపుతో పని చేసే పద్ధతిలో ఒక లోపం వల్ల, ఆ యూజర్/సూపర్‌వైజర్ బిట్ అడ్డున్నా కెర్నెల్ మెమరీని చదవగలిగేవారు. మందు ఏంటంటే, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు దాని అడ్రసుల పుస్తకంలోంచి కెర్నెల్ పేజీల్ని దాదాపుగా తీసేయడం. సిస్టమ్ కాల్ చేసిన ప్రతిసారీ పుస్తకం మార్చాలి, మెషీన్ నెమ్మదిస్తుంది. అయినా లైనక్స్, విండోస్, ఆపిల్ ముగ్గురూ ఒప్పుకున్నారు. ఒక్క బిట్ విలువ నిలబెట్టడానికి ప్రపంచంలోని కంప్యూటర్లు ఆ నష్టం భరించాయి. అదే బిట్‌ని మనం రాత్రి పదకొండుకి స్క్వాడ్‌లో నలుగురు వెయిటింగ్ అంటే, చదవకుండా ‘ఎస్’ కొట్టి ఇచ్చేస్తున్నాం.

చదువుదామన్నా అక్కడ రాసి ఉండేది తక్కువే అనుకోండి. ఈ యాప్ మీ పరికరంలో మార్పులు చేయడానికి ఒప్పుకుంటారా అని విండోస్ అడిగే పెట్టె ఫొటో ఎడిటర్‌కీ అదే, కెర్నెల్ డ్రైవర్ తెచ్చే గేమ్‌కీ సాధారణంగా అదే. 2024 అక్టోబర్ చివర్లో స్టీమ్ ఒక మంచి పని చేసింది: కెర్నెల్ యాంటీ చీట్ వాడే గేములు ఆ సంగతి స్టోర్ పేజీలోనే రాయాలంది. నేను కోరేది ఇంకొంచెం ఎక్కువ. అది విండోస్ పెట్టెలోనే, వేరే రంగులో, మామూలు మాటల్లో ఉండాలి. తెలుగులో ఉంటే ఇంకా మంచిది.

మన సిలబస్‌కీ ఒక కోరిక. యూజర్ మోడ్‌కి, కెర్నెల్ మోడ్‌కి తేడాలు రాయమనే ప్రశ్న బదులు, ఒక ప్రోగ్రామ్ ఇచ్చి ఇది ఏ వైపున ఉండాలి, ఎందుకు అని అడగండి. ఫాంట్ చదివే కోడ్, ప్రింటర్ డ్రైవర్, యాంటీవైరస్, గేమ్. జవాబుల మీద క్లాసులో గొడవ జరుగుతుంది, ఆ గొడవే కావాలి.

ఈలోగా విండోస్ ఉన్నవాళ్లు ఒక పని చేయొచ్చు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి డ్రైవర్‌క్వెరీ అని ఒకే మాటగా, ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టండి. మీ మెషీన్‌లో ఉన్న డ్రైవర్లన్నీ వరసగా వస్తాయి, పక్కన రకం అన్న కాలమ్‌లో చాలావాటికి ‘కెర్నెల్’ అని ఉంటుంది. ఎక్కువ భాగం మైక్రోసాఫ్ట్‌వీ, ల్యాప్‌టాప్ తయారుచేసిన వాళ్లవీ. వాటి మధ్య ఏదైనా గేమ్ తాలూకు పేరు కనిపిస్తే, ఆ గేమ్ చివరిసారి ఎప్పుడు ఆడారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. వాన్‌గార్డ్ లాంటివైతే గేమ్ తీసేస్తే వాటంతటవి పోవు, ప్రోగ్రాముల జాబితాలో విడిగా ఉంటాయి, విడిగానే తీసేయాలి.